చేర్చుకుంటే చాలదు, ఎదగనివ్వాలి

1916లో న్యూయార్క్‌లో ఒక సివిల్ ఇంజనీరు తన వృత్తి సంఘం మీదే కోర్టుకెక్కారు. ఆమె పేరు నోరా స్టాంటన్ బ్లాచ్. అమెరికాలో మహిళల ఓటు హక్కు ఉద్యమానికి పునాది వేసినవారిలో ఒకరైన ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌కు కూతురి కూతురు. 1905లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. అక్కడ ఆ పట్టా అందుకున్న తొలి మహిళ ఆమే. ఆ తర్వాత కొద్దికాలానికే అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ ఆమెను జూనియర్ సభ్యురాలిగా చేర్చుకుంది. ఆ హోదాకు వయోపరిమితి ఉంది. అది దాటే వేళకు ఆమె పై మెట్టయిన అసోసియేట్ సభ్యత్వం అడిగితే సంఘం కాదంది. వయసు మించిందని జూనియర్ల జాబితాలోంచీ పేరు కొట్టేసింది. కేసులో ఆమె ఓడిపోయారు. బ్లాచ్‌ను మనం ఎక్కువగా తలుచుకునేది ‘తొలి మహిళ’గానే. ఆమె జీవితం చెప్పే అసలు సంగతి వేరు. ఒక వృత్తి మహిళలకు ఎంత న్యాయం చేస్తోందో తేల్చేది వాళ్లను చేర్చుకున్న తేదీ కాదు, వాళ్ల పదోన్నతిని ఏ నిబంధన ప్రకారం నిర్ణయిస్తున్నారన్నది.

ఆమెలో సామర్థ్యం కొరవడిందేమో అనడానికి ఆధారం లేదు. ఇసుక కలిసిన నీరు పీడనంతో గొట్టంలో ఎలా పారుతుంది, ఎంత ఇసుక ఉంటే ఎంత శక్తి నష్టమవుతుంది అన్నది ఆమె కార్నెల్‌లో చేసిన ప్రయోగం. నీటి వేగం తగ్గితే ఇసుక అడుగున పేరుకుపోతుంది, పెంచితే పంపులకు భారమవుతుంది. ఈ రెంటి మధ్య లెక్క తేల్చడమే ఆ పని సారాంశం. ఆ ఫలితాలు 1906లో సంఘం సొంత ప్రచురణలోనే అచ్చయ్యాయి. ముడిఖనిజాన్ని పొడిచేసి నీటితో కలిపి గొట్టాల్లో పంపే రంగంలో నేటికీ ఉదహరించే తొలి అధ్యయనాల్లో అదొకటి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని 267 కిలోమీటర్ల దూరం విశాఖపట్నానికి చేరవేసే పైప్‌లైన్ వెనకున్నదీ ఆ శాస్త్రమే. చదువయ్యాక ఆమె అమెరికన్ బ్రిడ్జ్ కంపెనీలో, తర్వాత న్యూయార్క్ నగర నీటి సరఫరా బోర్డులో పనిచేశారు. రేడియో రంగంలో ఆవిష్కర్త అయిన లీ డి ఫారెస్ట్‌ను పెళ్లాడాక, ఉద్యోగం మాని ఇల్లు చూసుకోమన్న ఒత్తిడికి లొంగలేదు. ఆ పెళ్లి నిలవలేదు, వృత్తి నిలిచింది. కాబట్టి ఆమె తనంతట తాను తప్పుకున్నారనడానికీ వీల్లేదు.

ఆ కాలం అలాంటిది, నేటి కొలతలతో తూచకూడదు అనే వాదన ఒకటుంది. కానీ ఆమెను చేర్చుకున్నదీ, 1906లో ఆమె పరిశోధనను అచ్చువేసినదీ ఆ సంఘమే. అప్పుడు అడ్డురాని కాలం పదేళ్ల తర్వాత ఎందుకు అడ్డొచ్చింది? జూనియర్‌గా ఉన్నంతవరకు ఆమె వల్ల ఎవరి స్థానానికీ ఇబ్బంది లేదు. సమాన హోదా అడిగినప్పుడే చిక్కు మొదలైంది. ప్రైవేటు సంఘానికి తన సభ్యుల్ని ఎంచుకునే హక్కు ఉండదా అన్నది రెండో వాదన. చట్టం మాట అటుంచితే, ఒక మనిషి వృత్తిలో ఏ స్థాయివాడో లోకానికి చెప్పే ముద్ర వేసే సంఘం సాయంకాలం కాలక్షేపానికి కూడే క్లబ్బు కాదు. ఆ ముద్ర కోసం పాటించే కొలమానం బయటికి తెలియాలి, అందరికీ ఒకటే కావాలి. ఆ పై స్థాయిలో ఒక మహిళకు, ఎల్సీ ఈవ్స్‌కు, చోటు దక్కింది 1927లో. బ్లాచ్‌ను మరణానంతరం ఫెలోగా గౌరవించింది 2015లో, అంటే ఆమె పోయిన 44 ఏళ్లకు.

ఇదే కథకు మరో ముగింపు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో దొరుకుతుంది. తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, పసిబిడ్డ తల్లిగా అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు ఆ కళాశాలలోనే ప్రొఫెసరు. ఆయన అడిగారు, ప్రిన్సిపాల్ చాకో ఒప్పుకున్నారు, తలుపు తెరుచుకుంది. ఆ వెనకే సివిల్ చదవడానికి వచ్చిన పి.కె. థ్రేసియా 1944లో కొచ్చిన్ సంస్థానపు ప్రజాపనుల శాఖలో సెక్షన్ ఆఫీసర్‌గా చేరారు. 1956లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ అయ్యారు, 1971లో కేరళ చీఫ్ ఇంజనీర్ అయ్యారు. దేశంలో ఒక మహిళ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. బ్లాచ్ కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఇద్దరిలో ఎవరి ప్రతిభ ఎక్కువో తేల్చే పని ఇక్కడ లేదు. బ్లాచ్ భవిష్యత్తు సంఘం పెద్దల ఇష్టానికి వదిలి ఉంది. థ్రేసియా పనిచేసిన ప్రభుత్వ శాఖలో సర్వీసు రూలుంది, సీనియారిటీ జాబితా ఉంది. ఆ జాబితాలో ఒకరి పేరు దాటేస్తే ఎందుకని అడగొచ్చు. చేరడానికి మంచి మనసున్న ఒక ప్రిన్సిపాల్ చాలు. ఎదగడానికి, ఎవరి మంచితనం మీదా ఆధారపడని నిబంధన కావాలి.

ఒక్క థ్రేసియాను చూపి ఇంత మాట అనవచ్చా అని అడగడం సబబే. సర్వీసు రూలు పక్షపాతాన్ని రూపుమాపదు. ముఖ్యమైన పనులు కొందరికే అప్పగించడం, ఫీల్డు పోస్టింగులు ఇవ్వకుండా డ్రాయింగు విభాగంలో కూర్చోబెట్టడం జాబితా ఉన్నచోటా సాధ్యమే. సీనియారిటీ ఒక్కటే కొలత అయితే అసమర్థులూ పైకొస్తారు, చురుకైనవారు విసిగిపోతారు. అందుకే నేను కోరేది కేవలం ఏళ్ల లెక్కను కాదు. ముందుగా రాసిపెట్టిన కొలమానం ఉండాలి, కాదన్నప్పుడు కారణం చెప్పాలి, ఆ కారణాన్ని ప్రశ్నించే వీలుండాలి. అది ప్రతిభకు అడ్డు కాదు. ప్రతిభ ఉండీ వెనకబడినవారికి దిక్కు అదొక్కటే.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కళాశాలల తరగతి గదుల్లో అమ్మాయిలు ఇప్పుడు వింత కాదు. సీటు దాకా వచ్చిన సమానత్వం చీఫ్ ఇంజనీరు కుర్చీ దాకా, ప్రాజెక్టు మేనేజరు బాధ్యత దాకా వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ప్రసంగాల్లో దొరకదు. నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖలు, ప్రభుత్వ పనులు చేపట్టే నిర్మాణ సంస్థలు ఏటా ఏ హోదాలో ఎందరు మహిళలు ఉన్నారో, సైటు బాధ్యతలు ఎందరికి ఇచ్చారో ప్రకటించాలి. టెండరు షరతుల్లోనే ఈ లెక్క అడగడం ప్రభుత్వానికి కష్టమేమీ కాదు. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు తొలి మహిళలకు దండలు వేయడంతో పాటు ఈ లెక్కలూ బయటపెడితే, మరో బ్లాచ్‌కు జరిగే అన్యాయాన్ని ఆమె ఉద్యోగంలో ఉండగానే సరిదిద్దవచ్చు.