పీపాలో పడుకున్న కాలం

ఈ వారం విస్కీ గురించి అనగానే ఇంట్లో కనుబొమలు ముడిపడ్డాయి. పుచ్చుకునే అలవాటు లేదు గనుక ధైర్యంగానే రాస్తున్నాను. సీసా వారిదే, జాతకం చూసే పని మాత్రమే నాది.

స్కాచి విస్కీకి పుట్టిన ఏడొకటి, లోకం ముఖం చూసే ఏడొకటి. కనీసం మూడేళ్లు ఓక్ కర్ర పీపాల్లో మాగాలని చట్టం. దాని మూలం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. తాగుడువల్ల ఆయుధాల తయారీ కుంటుపడుతోందని లాయిడ్ జార్జి పట్టుబట్టగా, పచ్చి సరుకు అమ్మకుండా 1915లో శాసనం చేశారు. మాగేటప్పుడు ఏటా నూటికి సుమారు రెండు వంతులు ఆవిరైపోతుంది. దాన్ని అక్కడివారు 'దేవదూతల వాటా' అంటారు. దొంగ దొరకనప్పుడు దేవుడి మీద పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే!

ఇక 1983 సంగతి. జూన్ 25న లార్డ్స్ మైదానంలో కపిల్‌దేవ్ కప్పు అందుకున్నాడు. మనకు గుర్తున్నది అదే. ఆ ఏడే అక్కడికి ఉత్తరాన, స్కాట్లండులో, బట్టీలు చల్లారాయి. గిరాకీ ఇలాగే పెరుగుతుందని 1970లలో కాచి దాచారు. 1973లోను, 1979లోను చమురు ధర భగ్గుమంది. కొనేవారు చేతులు ముడుచుకున్నారు. గిడ్డంగుల్లో సరుకు చెరువైంది. డి.సి.ఎల్. అనే పెద్ద కంపెనీ ఆ ఒక్క ఏడే 11 బట్టీలు మూసింది. ఐలా ద్వీపంలోని పోర్ట్ ఎలెన్, ఈశాన్య తీరాన ఉన్న బ్రోరా వాటిలోవే.

అసలు చిత్రం తరువాత జరిగింది. మిగిలిపోయిన పీపాలు గిడ్డంగుల్లో ఇరవై, ముప్ఫై ఏళ్లు మాగాయి. డి.సి.ఎల్. ఆస్తికి వారసురాలైన డియాజియో 2001 నుంచి ఏటేటా ప్రత్యేకంగా కొన్ని సీసాలు విడుదల చేస్తూ వచ్చింది. వాటిలో ఈ రెండు పేర్లకోసం జనం ఎగబడ్డారు. ఆ మోజే బట్టీలను లేపింది. కరోనాతో లోకం తలుపులు మూసుకున్న రోజుల్లో, 2021లో, బ్రోరా పొయ్యి వెలిగింది. 2024లో పోర్ట్ ఎలెన్ వెలిగింది.

కథ సుఖాంతమే అనాలి. కాని 1983లో పని పోయిన మనిషికి ఒక్కొక్క ఏడూ గడిచినకొద్దీ ధర పెరగలేదు. అతనికి పీపాలో పడుకుని ఎదురుచూసే వీలు లేదు. సాయంత్రానికి పొయ్యి మీదికి ఏదో ఒకటి కావాలి. దేవదూతల వాటాకు లెక్క రాసి ఉంచారు. అతని వాటా మాత్రం ఏ సీసా చీటీ మీదా కనబడదు.