నోటుబుక్కు నిండలేదా? మంచిదే!

జూన్‌లో బడులు తెరిచిన పది, పదిహేను రోజులకు మా పిల్లల ఓపీలో ఒక కొత్త రకం కడుపునొప్పి మొదలవుతుంది. పొద్దున ఏడున్నరకు వస్తుంది. ఆటో వెళ్లిపోయాక తగ్గిపోతుంది. ఆదివారం అసలు రాదు. కడపలో పనిచేసిన రోజుల్లోనూ దీన్ని చూశాను, ఇప్పుడు కర్నూలులోనూ ఏటా చూస్తున్నాను.

పోయిన జూన్‌లో మూడున్నరేళ్ల బాబును తీసుకుని ఒక కుటుంబం వచ్చింది. తల్లి చేతిలో ఫైలు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, కడుపు స్కానింగ్ అప్పటికే చేయించారు. అన్నీ నార్మల్. “బడికి పంపినప్పటి నుంచే సార్. మానేసిన పక్క తడపడం కూడా మళ్లీ మొదలైంది. మంచి టానిక్ ఏదైనా రాయండి” అన్నారామె. బాబుకు కాగితం, పెన్ను ఇచ్చి నీకిష్టమైన బొమ్మ గీయమన్నాను. పెన్ను చూడగానే రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. నర్సరీలో చేరిన రెండో వారం నుంచే హోంవర్కు. ఒక పేజీ నిండా ఇంగ్లిష్ ‘ఏ’, ఇంకో పేజీ నిండా ఒకటి అంకె. పక్కన కూర్చున్న అవ్వ అందుకుంది: “మేం ఐదేండ్లొచ్చేదాంక బడి మొగమే సూడల్యా సార్. వీనికి అప్పుడే పెన్సిలా?”

ఎండీ చదివిన నాకంటే ముందే ఆ అవ్వ రోగం కనిపెట్టింది. టానిక్ రాయలేదు. చీటీ మీద ‘ఆరు వారాలు ఆట’ అని రాసిచ్చాను. ఇది నా సొంత తమాషా కాదు. పిల్లలకు ఆటనే మందుచీటీగా రాయాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లోనే తమ డాక్టర్లకు సూచించింది.

ఆ చేయి ఇంకా సిద్ధం కాలేదు

మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డ చేతికి ఎక్స్‌రే తీస్తే మామూలుగా వాటిలో ఒక్కటీ కనిపించదు. అవన్నీ అప్పటికి మెత్తని మృదులాస్థి మాత్రమే. మూడు, నాలుగేళ్ల వయసుకు సాధారణంగా మూడు, నాలుగు ఎముకలే గట్టిపడటం మొదలవుతుంది. చివరిది కనిపించేసరికి పిల్లలకు దాదాపు పదేళ్లు వస్తాయి. వయసు నిర్ధారణకు మేం మణికట్టు ఎక్స్‌రే చూసేది అందుకే. ఎముకలొక్కటే కాదు, వేళ్లను కదిపే చిన్న కండరాలు, వాటిని నడిపే మెదడు కూడా మెల్లగానే పరిపక్వమవుతాయి.

పిల్లల ఎదుగుదలను అంచనా వేయడానికి మేం చూసే మరో లెక్క ఉంది. మూడేళ్లకు పిల్లలు సున్నా చూసి సున్నా గీయగలుగుతారు. నాలుగేళ్లకు కూడిక గుర్తు, చతురస్రం వస్తాయి. ఏటవాలు గీతలుండే త్రిభుజం ఐదేళ్లకు గానీ రాదు. ఇప్పుడు ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరాన్ని ఒకసారి చూడండి. రెండు ఏటవాలు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. అంటే ఐదేళ్లకు రావాల్సిన గీతను మూడున్నరేళ్ల వాడిని అడుగుతున్నాం. రాకపోతే ‘వీడికి చదువు మీద ధ్యాస లేదు’ అంటున్నాం.

నేను కూడా ఈ తప్పు చేశాను. మా పెద్దమ్మాయికి మూడున్నరేళ్లప్పుడు చేయి పట్టుకుని పేజీలు నింపించాను. కొన్నాళ్లకు ఇంట్లో పెన్సిళ్లు మాయం కావడం మొదలైంది. దీపావళికి ఇల్లు దులిపితే బీరువా కింద ఏడు దొరికాయి. మణికట్టు ఎక్స్‌రే చదవడం అప్పటికే నాకు బాగా వచ్చు. కానీ ఆ చదువు మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

ఆ నోటుబుక్కు ఎవరి కోసం?

ఇక్కడ తప్పంతా బడులదే అనడం సులువు. కానీ ఓపీలో టీచర్లూ నాకు కనిపిస్తుంటారు. “ఆడిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు సార్. ఇంత ఫీజు కట్టింది ఆడుకోవడానికా అంటారు” అని వాళ్ల గోడు. అందులో నిజముంది. నిండిన నోటుబుక్కు బిడ్డ చదువుకు గుర్తు కాదు, మనం కట్టిన ఫీజుకు రసీదు. మనం రసీదు అడుగుతున్నాం కాబట్టే బడి ఇస్తోంది.

నిజానికి ప్రభుత్వ విధానాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, ఆటల ద్వారా నేర్పమంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంది. 2020 బడిసంచి విధానం ప్రకారం ప్రీ ప్రైమరీ పిల్లలకు సంచి ఉండకూడదు, రెండో తరగతి దాకా హోంవర్కు ఇవ్వకూడదు. ‘అక్కడ ఉత్త ఆటపాటలే’ అని మనం వద్దనుకునే అంగన్‌వాడీ ఈ ఒక్క విషయంలో సరైన దారిలో ఉంది.

ఆటలో చదువు ఎక్కడుంది?

‘పక్కింటి పాప అప్పుడే యాభై దాకా అంకెలు చెబుతోంది, మా వాడు వెనకబడడా?’ అని మీరు అడగొచ్చు. ఆ పాపను నాలుగు చెంచాలు తెమ్మనండి. యాభై దాకా గడగడా చెప్పే పిల్లలు కూడా చాలామంది అక్కడ తడబడతారు. చెప్పడం జ్ఞాపకశక్తి, తేవడం లెక్క. భోజనాలప్పుడు ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి అన్ని కంచాలు పెట్టే బిడ్డ లెక్కలు నేర్చుకుంటున్నట్టే.

బడిలో మొదటి వారాల్లో బిడ్డ నేర్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అమ్మ వెళ్లిపోయినా మళ్లీ వస్తుందన్న నమ్మకం. మూత్రం వస్తే టీచర్‌ను అడిగే ధైర్యం. ఉయ్యాల కోసం తన వంతు వచ్చేదాకా ఆగడం. కోపమొస్తే కొట్టకుండా నోటితో చెప్పడం. ఇసుకలో, నీళ్లలో, పాటల్లో, దాగుడుమూతల్లో ఇవి వస్తాయి. రెండు పేజీల హోంవర్కులో రావు. ముఖ్యంగా రెండోది ఆరోగ్య విషయం. బడిలో అడగడానికి భయపడి మూత్రం, విరేచనం బిగబట్టే పిల్లలకు మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం మేం తరచూ చూస్తుంటాం.

ఖరీదైన బొమ్మలేమీ అక్కర్లేదు. మన రెండు జిల్లాల్లో చాలా ఇళ్లకు నేల నల్లటి కడప బండలే. అంతకంటే పెద్ద పలక ఎక్కడ దొరుకుతుంది? ఒక సుద్దముక్క ఇచ్చి కూర్చోబెట్టండి. భుజం, మోచేయి కదిలేలా పెద్ద పెద్ద సున్నాలు గీయనివ్వండి. జొన్నరొట్టెలు తట్టేటప్పుడు చిన్న పిండి ముద్ద చేతికివ్వండి. పిసికి, ఒత్తి, తట్టే కొద్దీ రేపు పెన్సిలు పట్టాల్సిన వేళ్లకే బలం వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చింతగింజలు, శెనక్కాయ పప్పులు, శనగలతో ఆడించాలంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలు వాటిని ముక్కులో దూర్చుకుంటారు, నోట్లో వేసుకుని నవ్వుతూ పరిగెడతారు. శెనగబేడ ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటే ప్రాణం మీదకు వస్తుంది. మూడేళ్లలోపు వాళ్లకు అసలే ఇవ్వొద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క కూడా గుర్తుంచుకోండి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద 3 గంటలు ఒళ్లు కదలాలి. అందులో గంటసేపు రొప్పు వచ్చేంత ఆట ఉండాలి. పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఫోను, టీవీ కలిపి గంట మించకూడదు. జూన్ ఎండలు మనకు తెలిసినవే కాబట్టి బయటి ఆటలు పొద్దునో, సాయంత్రమో పెట్టుకోండి. నీళ్లు మధ్యమధ్యలో తాగించండి.

మన పెద్దల పద్ధతి

అక్షరాభ్యాసం నాడు మనం చేసేదేమిటి? బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం. పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని దిద్దిస్తాం. చెరిగినా తప్పు లేదు, మళ్లీ దిద్దొచ్చు. మన కర్నూలు, కడప ముస్లిం కుటుంబాల్లో బిస్మిల్లా వేడుకకు సంప్రదాయంగా చెప్పే వయసు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, వయసు వచ్చేదాకా ఆగడం మన ఆచారాల్లోనే ఉన్నాయి. వేడుక ఫొటోలు దాచుకుని, ఆ రెండింటినీ మరిచిపోయాం.

డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి?

ప్రతి కడుపునొప్పినీ బడి నొప్పి అనుకోవద్దు. సెలవు రోజుల్లోనూ వస్తున్నా, నిద్రలోంచి లేపేస్తున్నా, బొడ్డుకు దూరంగా ఒక పక్కనే ఉన్నా, జ్వరం, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం, మూత్రంలో మంట, బరువు తగ్గడం వంటివి ఉన్నా వెంటనే చూపించండి. బడి దగ్గర ఏడుపు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. అంతకు మించి సాగినా, తిండీ నిద్రా దెబ్బతింటున్నా టీచర్‌తో మాట్లాడండి, డాక్టర్‌నూ కలవండి.

ఆ బాబు ఆగస్టులో మళ్లీ వచ్చాడు, ఈసారి జలుబుకు. వాళ్ల నాన్న బడికి వెళ్లి, ఆరు వారాలు హోంవర్కు వద్దని చెప్పారట. టీచర్ కూడా సంతోషంగానే ఒప్పుకున్నారట. పక్క తడపడం అప్పుడప్పుడూ ఉంది, కడుపునొప్పి లేదు. నేను అడక్కుండానే నా బల్ల మీది పెన్ను తీసుకుని, మందుచీటీ వెనక ఒక సున్నా గీశాడు. అది వాళ్ల అవ్వ ముఖమట.

ఈసారి బడి తెరిచాక మీరూ ఆ తండ్రిలాగే ఒక్క మాట చెప్పి చూడండి: ‘మొదటి ఆరు వారాలు మాకు నోటుబుక్కు అక్కర్లేదు.’ సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే ‘ఏం రాశావు?’ అనొద్దు. ‘ఎవరితో ఆడుకున్నావు?’ అని అడగండి.