బ్యాండు గది తాళం

నాన్నకో అమ్మకో బదిలీ అయిందంటే మనలో చాలామంది ముందు వదిలేసేది సంగీతాన్నే. కొత్త ఊళ్లో నేర్పే మాస్టారు ఉండరు, వాయించిన వాద్యం పాత బడిలోనే ఉండిపోతుంది. అయినా మానేయనక్కర్లేదని మా అభిప్రాయం.

హోవర్డ్ జాన్సన్ 1941లో అమెరికాలోని మోంట్‌గమరీలో పుట్టారు. ఒహాయోలో పెరిగి, నౌకాదళంలో పనిచేసి, 1963లో న్యూయార్క్ చేరారు. ట్యూబా ఆయన సొంతంగా నేర్చుకున్నదే. బ్యాండులో 'భోం భోం' మంటూ మోగే పెద్ద ఇత్తడి వాద్యం అది. చుట్టలు విప్పి సాగదీస్తే గొట్టం దాదాపు 18 అడుగులు! పాటకు అడుగున అండగా ఉండటమే దాని పని అనుకునేవారు. ఆయన దానిమీద అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లారు, మన కచేరీల్లో మనోధర్మంలా. చార్లెస్ మింగస్, గిల్ ఎవాన్స్ బృందాల్లో వాయించారు. తర్వాత 'గ్రావిటీ' పేరుతో ఆరు ట్యూబాలతో ఏకంగా ఒక బృందమే పెట్టారు.

మరి మన బ్యాండు గదికి ఏడాదంతా తాళం ఎందుకు? జనవరి 26 దాటితే వాద్యాలు బీరువాలోకి పోతాయి. ఏడాది మధ్యలో చేరినవాళ్లకు డ్రమ్ము కూడా అందదు. వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు తెరిపించండి. మాస్టారు వచ్చేదాకా ఒకరినొకరం చూసి నేర్చుకుంటాం.