వరండాలో రెండు గంటలు

ఆ పాపకు అప్పుడు మూడేళ్లు. అమ్మమ్మ కొంగు పట్టుకుని ఫ్యామిలీ కోర్టు వరండాలోకి వచ్చింది. బెంచీ మీద వాళ్ల నాన్న. ఎనిమిది నెలల తర్వాత చూడటం. లోపల కేసులు పిలుస్తున్నారు, నల్లకోట్లు వేసుకున్న మేమంతా అటూ ఇటూ తిరుగుతున్నాం. పాప గుక్కపట్టి ఏడ్చింది. ముందురోజు సాయంత్రం అమ్మమ్మకు ఫోన్ చేసి నేనే చెప్పాను: "అమ్మా, పాప ఏడిస్తే మాత్రం ఫోన్లో తీయండి. మనకు పనికొస్తుంది."

పనికొచ్చింది. ఆ వీడియోకు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అప్పట్లో కావాల్సిన 65-బి సర్టిఫికెట్ జతచేసి, తండ్రి కలయికలు ఆపేయాలని పిటిషన్ వేశాను. కాసేపటికి పాప ఏడుపు మాని తండ్రి తెచ్చిన జామకాయ తిన్నదని అమ్మమ్మే నాతో చెప్పింది. అఫిడవిట్‌లో ఆ మాట రాయలేదు. అవతలి లాయరు ఫొటోలు తీసుకోమని తండ్రికి చెప్పాడు. ఉన్న రెండు గంటల్లో చాలాసేపు ఆయన ఫోన్ అడ్డం పెట్టుకునే కూతుర్ని చూశాడు.

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇది నా ఒక్కదాని తప్పని రాస్తే నిజం సగమే చెప్పినట్టు. మేం లాయర్లం, మా మాట విన్న పెద్దవాళ్లు, వాయిదాల ఒత్తిడిలో సంతకాలు చేసిన అధికారులు, అందరం కలిసే చేశాం.

పసిబిడ్డను తల్లో తండ్రో మరొకరి సమక్షంలోనే కలవాలని కోర్టు ఎందుకంటుంది? కొట్టిన చరిత్రో తాగుడో ఉంటే, బిడ్డను ఎత్తుకుపోతారన్న భయముంటే, లేదా చాలాకాలం దూరమై బిడ్డే ఆ మనిషిని మరిచిపోతే. ఆ మూడో మనిషి ఎవరి తరఫు కాదు, బిడ్డ మనిషి. బిడ్డ బెదిరితే దగ్గరికి తీసుకోవాలి, చనువు కుదురుతుంటే తను కాస్త వెనక్కి జరగాలి. మేం ఆ పర్యవేక్షణను కాపలాగా మార్చాం. అంతకన్నా ఘోరం, బేరం చేశాం. భరణం పెంచితే పర్యవేక్షణ షరతు వదులుకుంటాం అని మధ్యవర్తిత్వంలో నా నోటితో నేనే అన్నాను.

దాని ఫలితం ఎవరు అనుభవించారో చెప్పాలి. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ ప్రకారం, తండ్రి కలయిక బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేటు నిరాకరించాలి. నిజంగా దెబ్బలు తిన్న ఒకావిడ ఆ రక్షణ కోసం నా దగ్గరికి వచ్చింది. ఆవిడ పిటిషన్‌లో ఉన్న వాక్యాలే అంతకుముందు నేను వేసిన పాతిక పిటిషన్లలోనూ ఉన్నాయి. పేర్లు మార్చి ప్రింటు తీసినవే. ఆవిడ భయాన్ని కోర్టు ప్రత్యేకంగా ఎందుకు చూస్తుంది? ఆవిడ కొడుక్కీ అదే వరండా ఇచ్చారు. తిరిగి వెళ్తుంటే భర్త గేటు దాకా వెంటపడి బెదిరించాడు. ఇంగ్లండులో ఇలాంటి కలయికల కోసమే కాంటాక్ట్ సెంటర్లున్నాయి. తల్లిదండ్రులు ఎదురుపడకుండా రాకపోకల వేళలు వేరు చేసే పద్ధతి అక్కడ ఉంది. పావుగంట తేడాతో పంపమని అడగడానికి మాకు సెంటరు అక్కర్లేదు. అడగలేదు, అంతే.

బిడ్డ క్షేమమే ముఖ్యమని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. ప్రతి వాదనలోనూ ఆ మాట వాడాం. విడిపోయిన తల్లిదండ్రులు పిల్లల పెంపకానికి ఒక ప్రణాళిక రాసుకోవాలని 2015లో లా కమిషన్ 257వ నివేదిక సూచించింది. అందులోంచి నాకు అనుకూలమైన పేరాలు కోర్టులో చదివాను. ఏ తల్లితోనూ కూర్చుని అలాంటి ప్రణాళిక రాయలేదు. పాప ఎన్నింటికి అన్నం తింటుంది, ఎన్నింటికి నిద్రపోతుంది, ఏ బొమ్మ ఉంటే ధైర్యంగా ఉంటుంది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లాలి? ఇవేవీ అడగలేదు. ఉదయం 11 నుంచి 1 దాకా అని ఇద్దరు లాయర్లం ఉమ్మడి మెమోలో రాసుకున్నాం. కోర్టుకు వీలైన వేళ అది, ఆ పిల్లకు నిద్ర ముంచుకొచ్చే వేళ.

ఆ ఉమ్మడి మెమోలో రెండో, నాలుగో శనివారాలని రాసింది నేనే. రెండో శనివారం కోర్టుకు సెలవు. ఇద్దరు లాయర్లం సంతకాలు పెట్టాం, ఒక్కరికీ తట్టలేదు. తాళం వేసిన గేటు ముందు ఆ తండ్రి సంచీతో ఎండలో నిలబడ్డాడు. ఆటోలో పాప వచ్చింది. అమ్మమ్మ నాకు ఫోన్ చేస్తే, "చెప్పిన చోటు తెరిచి లేదు కాబట్టి వెనక్కి వచ్చేయండి" అన్నాను. ఎదురుగా చెట్టు నీడ ఉంది. అక్కడ కూర్చోమనే మాట నా నోట రాలేదు. ఆ పోయిన రెండు గంటలు మళ్లీ ఇమ్మని అవతలివాళ్లు అడిగితే అక్కర్లేదని కౌంటరు వేశాను.

బార్ అసోసియేషన్ సమావేశాల్లో పార్కింగ్ షెడ్డుకు, ఛాంబర్లకు తీర్మానాలు చేశాం. పిల్లలకు ఒక గది, ఒక చాప, శిక్షణ ఉన్న ఒక మనిషి కావాలని ఎవరూ ప్రతిపాదించలేదు. నేనూ ప్రతిపాదించలేదు.

కొంతకాలానికి ఆ తండ్రి రావడం మానేశాడు. మేం గెలిచామనుకున్నాం. అమ్మమ్మ మిఠాయి పెట్టె తెచ్చింది, తీసుకున్నాను.

వచ్చే నాలుగో శనివారం ఇంకో బాబు వస్తున్నాడు. నాలుగేళ్లు. ఆర్డరులో చోటు అని ఉన్నచోట మళ్లీ "కోర్టు వరండా" అనే ఉంది.