ఆకలితో వచ్చినవాడి ఎంపిక

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 నాటి కరువు అప్పటికి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కరువు బాధితులకు కూలి చూపించాడు. ఈ సంఘటన ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. అన్నం కోసం మతం మారారని బయటివాళ్లు అంటారు. కాదు, స్వచ్ఛమైన విశ్వాసంతోనే వచ్చారని సంఘస్తులు అంటారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటల కింద ఉన్న నమ్మకం ఒక్కటే: అవసరంలో ఉన్నవాడి ఎంపిక అసలు ఎంపిక కాదు, ఉద్దేశం కడిగిన ముత్యంలా ఉంటేనే రక్షణ చెల్లుతుంది. కృప వల్ల రక్షణ అనే క్రైస్తవ బోధను కాస్త లోతుగా చూస్తే ఈ నమ్మకం నిలబడదని నా వాదన.

రక్షణ దేవుడు ఉచితంగా ఇచ్చేదే తప్ప మనిషి క్రియలకు దక్కే ప్రతిఫలం కాదని ఎఫెసీయులకు రాసిన పత్రిక చెబుతుంది. ఎవరూ అతిశయపడకుండా ఉండాలన్న కారణాన్నీ ఆ వెంటనే చెబుతుంది. ఈ మాటను సంఘం ఎంత తీవ్రంగా తీసుకుందో అయిదో శతాబ్దపు వివాదం చూస్తే తెలుస్తుంది. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాగియస్ అనే సన్యాసి అక్కడి విశ్వాసుల అలసత్వం చూసి సహించలేకపోయాడు. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తి మనిషికి ఉన్నట్టే కదా అన్నాడు. నీతి మీద నిజమైన పట్టింపు ఉన్నవాడి మాట అది, తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్పుగా ఉన్న అగస్టీను మాత్రం జబ్బు ఇంకా లోపల ఉందన్నాడు. మంచిని కోరుకోవలసిన చిత్తమే దెబ్బతిన్నది, ముందు బాగుపడాల్సింది ఆ కోరికేనన్నాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. తర్వాత గాల్ దేశపు మఠాలలో కొందరు మధ్యేమార్గం వెతికారు: మొదటి అడుగు మనిషి వేస్తే మిగతా దారి దేవుడు నడిపిస్తాడని. 529లో ఆరెంజ్ సభ దాన్నీ ఒప్పుకోలేదు. విశ్వాసపు తొలి కదలిక కూడా కృపేనని తీర్మానించింది. దేవుడు కొందరిని ముందే చెడుకు నియమించాడనే ఊహను కూడా అదే సభ గట్టిగా ఖండించింది. ఈ రెండో తీర్మానాన్ని మరిచిపోయి మొదటిదాన్నే పట్టుకున్నచోటల్లా చిక్కులు వచ్చాయి.

తొలి కదలిక కూడా కృపే అయితే ఇక మనిషి ఎంచుకున్నదేముంది? ఈ ప్రశ్న సహజమైనది, పాతది. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా చిత్తాన్ని సమర్థిస్తూ పుస్తకం రాస్తే, మరుసటి ఏడాదే లూథర్ దానికి ఘాటైన జవాబు రాశాడు. చిత్తానికి చోటే లేకపోతే దేవుడి హెచ్చరికలకూ పిలుపులకూ అర్థం ఉండదన్నది ఎరాస్మస్ భయం. చిటికెడు చోటిచ్చినా మనిషి తన రక్షణను ఆ చిటికెడు మీదే నిలబెట్టుకుంటాడన్నది లూథర్ భయం. 1618-19లో డార్ట్ సభలో, 18వ శతాబ్దంలో వెస్లీకీ వైట్‌ఫీల్డ్‌కూ మధ్య మళ్లీ ఇదే పేచీ. మనకిది పరాయి గొడవేమీ కాదు. తల్లిని తానే కరుచుకుని ఉండే కోతిపిల్లా, తల్లి నోట కరుచుకుని తీసుకుపోయే పిల్లిపిల్లా అంటూ శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై సంప్రదాయాలు శరణాగతి గురించి వాదించుకున్నది కూడా ఈ ముడి దగ్గరే.

లూథర్ భయం సరైనదే. కానీ ఎంపికను కొట్టేస్తే గర్వం పోతుందనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. అంతా దేవుడి ఎన్నికేనని చాటిన డార్ట్ తీర్మానాలను విశ్వాస ప్రమాణంగా పెట్టుకున్న దక్షిణాఫ్రికా డచ్ రిఫార్మ్‌డ్ చర్చి, 1857లో నల్లవారికి వేరుగా ఆరాధన జరపడానికి అనుమతి ఇచ్చింది. నన్ను దేవుడు ఎన్నుకున్నాడన్న మాట మీద కూడా మనిషి గద్దె వేసుకుని కూర్చోగలడు. కాబట్టి అతిశయానికి మందు వేరేచోట వెతకాలి. కృపను అంగీకరించేటప్పుడు మనిషి ఒప్పుకుంటున్నదేమిటో చూడండి. నా దగ్గర చెల్లించడానికి ఏమీ లేదన్న సంగతినే అతను ఒప్పుకుంటున్నాడు. కాదనడానికి అతనికి వీలుంది, చాలామంది కాదన్నారు కూడా. అందుకే అది నిజమైన ఎంపిక. ఆ ఎంపికలో అతను తెచ్చి ఇచ్చినదేమీ లేదు, అందుకే దాన్ని చూపించి గొప్ప చెప్పుకోవడానికి వీల్లేదు. వినయం అంటే ఇదే. రక్షణ కొనడానికి మనిషి కూడబెట్టిన సద్గుణంగా దాన్ని లెక్కవేసిన మరుక్షణం, దేవాలయంలో తన ఉపవాసాలూ దశమ భాగాలూ వల్లించిన పరిసయ్యుడి పక్కన నిలబడతాం.

లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి కథను ఈ కోణంలో మళ్లీ చదవాలి. వాడు ఇంటికి ఎందుకు బయలుదేరాడు? తండ్రి మీద ప్రేమ పొంగి కాదు. పందుల మేత కూడా దొరకని ఆకలిలో, నాన్న దగ్గర కూలివాళ్లకు కూడా కడుపునిండా తిండి ఉందని గుర్తొచ్చి బయలుదేరాడు. ఉద్దేశ శుద్ధిని కొలిచేవాళ్ల చేతిలో పడితే వాడికి గడప దగ్గరే తిరస్కారం. తండ్రి మాత్రం దూరం నుంచే చూసి పరుగెత్తాడు, వాడు సిద్ధం చేసుకున్న క్షమాపణ పూర్తిగా వినిపించనే లేదు. అంత మాత్రాన వాడి నిర్ణయం ఉత్తుత్తిది అయిపోదు. లేచి నడిచింది వాడే.

అలాగైతే ఆకలితో ఉన్నవాడికి అన్నం ఆశ చూపి మతం మార్చడం కూడా తప్పు కాదంటారా అని ఎవరైనా అడగవచ్చు. తప్పే. తీసుకునేవాడి అవసరం వేరు, ఇచ్చేవాడి ఎర వేరు. అవసరంలో ఉన్నవాడు ఎంచుకోగలడు. కానీ అతని అవసరాన్ని బేరానికి పెట్టినవాడు ఆ ఎంపికను దొంగిలిస్తున్నాడు. కృప ఉచితమని చెబుతూనే దానికి వెల కడుతున్నాడు. కరువు నడిచే రోజుల్లో క్లౌ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం చేసే చేతికీ బాప్తిస్మమిచ్చే చేతికీ మధ్య ఆ ఎడం ఉండి తీరాలి. నేడు ఏ సంఘమైనా, ఏ సంస్థ అయినా ఆ ఎడాన్ని చెరిపేస్తే, దాన్ని తప్పుపట్టడానికి చట్టం దాకా పోనవసరం లేదు, సొంత సిద్ధాంతమే చాలు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. తరతరాలుగా తలవంచుకుని బతకమని శాసించిన మనుషులకు వినయం బోధించడం దొరల పని సులువు చేయడమే కదా? ఒంగోలులో జరిగింది వేరు. పై కులాల వాళ్లు కొందరు మొదట్లో సంఘంలోకి రావడానికి ఆసక్తి చూపారు, మాదిగలను చేర్చుకుంటే మాత్రం రామన్నారు. ఆ సందర్భంలో క్లౌ, ఆయన భార్య ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రికలోని ఒకే భాగం కనిపించిందని మిషనరీ కథనాలు చెబుతాయి. లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాల వాళ్లు దూరంగా ఉండిపోయారు. ఇక్కడ వినయం పరీక్ష పెట్టింది పై కులాలకు. దేవుడి ముందు వంగిన మాదిగ మోతుబరి ముందు ఇంకాస్త వంగలేదు. ఆదివారం వెట్టికి రానన్నాడు, జాతరలో డప్పు కొట్టనన్నాడు, అందుకు దెబ్బలు కూడా తిన్నాడు. మనుషులంతా ఒకే ఖాళీ చేతులతో నిలబడే చోటు ఒకటుందని తెలిసినవాడికి, ఊళ్లో తన చోటు ఎక్కడో ఇంకొకడు నిర్ణయించడం అబద్ధంగానే కనిపిస్తుంది.

అలా వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు నడిపే సంఘాలలో ఇప్పుడు వినిపించే కొన్ని మాటలు బాధ కలిగిస్తాయి. జబ్బు నయం కావాలని ప్రార్థనకు వచ్చినవాళ్లనీ, పెళ్లి కోసం బాప్తిస్మం తీసుకున్నవాళ్లనీ నామకార్థ క్రైస్తవులని తేల్చేస్తారు. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ప్రభువు కోసం తాము వదులుకున్న ఉద్యోగాలనూ ఆస్తులనూ లెక్కపెడతారు. తప్పిపోయిన కుమారుడి కథలో ఇలా లెక్కలు చెప్పినవాడు పెద్దకొడుకు. ఇన్నేళ్లు సేవ చేశాను, ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అని వాకిట్లోనే నిలబడిపోయాడు. తండ్రి అతని కోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు. అతను లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. ఆ నిర్ణయాన్ని తమ్ముడికి వదిలినట్టే అతనికీ వదిలేశాడు.