మిల్లు పిల్ల, ఓటు హక్కు



ఈ నెల సెలీనా కూపర్ అనే ఆవిడ గురించి రాస్తున్నాను. పేరు కొత్తగా ఉంటుంది గాని మనిషి మనలాంటిదే, మిల్లు మనిషి. నా చదువు నాలుగో తరగతి. మనవరాలు ఇంగ్లీషులో చదివి అర్థం చెప్తే కాగితం మీద పెట్టుకున్నాను.

ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలో 1864లో పుట్టింది. తండ్రి కూలీ. 1876లో టైఫాయిడ్‌తో పోయాడు. తల్లి పిల్లను తీసుకుని ఉత్తరాన నూలు మిల్లులున్న ఊరికి వచ్చింది. పన్నెండేళ్ల సెలీనా సగం రోజు బడికి, సగం రోజు మిల్లుకి పోయేది. మిషన్‌కు బాబిన్లు తరక్కుండా అందించడం ఆమె పని. పదమూడో ఏట బడి పూర్తిగా బందయింది.

అది లాంకాషైర్ వైపు. ఆ పేరంటే మన పెద్దవాళ్లకు కోపం. అక్కడి మిల్లు బట్ట వచ్చి మన మగ్గాలను దెబ్బ తీసింది. ఒకపక్క అది, ఒకపక్క కరువులు. అట్లా మనవాళ్లు ఊళ్లు విడిచి ఈ సోలాపూర్ చేరారు. కాని ఆ బట్ట నేసిన ఆడవాళ్లు కూడా మనలాగే దుమ్ము మింగి బతికినవాళ్లే.

వాళ్ల యూనియన్‌లో సభ్యులు ఎక్కువమంది ఆడవాళ్లు, నడిపేది మగవాళ్లు. మిల్లులో ఆడవాళ్ల పాయిఖానాలకు తలుపులు లేవు. ఆ తలుపుల కోసం యూనియన్ మాట్లాడాలని సెలీనా పట్టుబట్టింది. ఇది విన్నప్పుడు నాకు మా వైండింగ్ ఖాతా గుర్తొచ్చింది. మిల్లు పేరెందుకులెండి. మాకు తలుపు ఉండేది, గడియ ఉండేది కాదు. ఒకరు లోపలికి పోతే ఒకరు బయట కాపలా నిలబడేవాళ్లం. చందా మాత్రం మగవాళ్లతో సమానంగా కట్టేవాళ్లం.

ఓటు లేనిదే మన మాట ఎవరూ వినరని సెలీనాకు అర్థమైంది. 1900లో లాంకాషైర్ నూలు మిల్లుల ఆడవాళ్ల దగ్గర సంతకాలు తీసుకోవడం మొదలైంది. మిల్లు గేట్ల దగ్గర నిలబడి, ఇంటింటికీ తిరిగి తీసుకున్నారు. ఏడాదిలో 29,359 సంతకాలు! 1901లో పదిహేను మంది మిల్లు ఆడవాళ్లు ఆ అర్జీని లండన్ పార్లమెంటుకు మోసుకుపోయారు, అందులో సెలీనా ఒకతి. అదే ఏడు బీదల సహాయం చూసే బోర్డుకు ఎన్నికైంది. 1910లో ప్రధానమంత్రి ఆస్క్విత్ ఎదుట నిలబడి మాట్లాడింది.

1918లో ఓటు వచ్చింది, కాని 30 ఏళ్లు దాటి, తనకో భర్తకో ఇల్లూ ఆస్తీ లెక్క ఉన్నవాళ్లకే. మిల్లులో ఉన్న వయసు పిల్లలకు రాలేదు. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే రావడానికి 1928 దాకా పట్టింది. సెలీనా 1946లో పోయింది.

మన దగ్గర మద్రాసు, బొంబాయి రాష్ట్రాల్లో 1921లోనే ఆడవాళ్లకు ఓటు ఇచ్చారు, అదీ ఆస్తి ఉన్నవాళ్లకే. స్వరాజ్యం వచ్చాక 1951-52 ఎన్నికలకు అందరికీ ఇచ్చారు. అయినా అప్పుడు సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలో నిలవలేదు. ఎందుకంటే అడిగితే తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అన్నారు. అట్లా రాసిన వరుసలు కొట్టేశారు.

ఇప్పుడు మనం పేరు చెప్తున్నాం. కాని మన పేటల్లోనే చూడండి. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పదేళ్లయినా పుట్టింటి ఊళ్లోనే ఉంటుంది. ఓటు రోజు ఆమె ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ కూర్చుంటుంది. దానికి ఫారం 8 నింపితే పేరు ఇక్కడికి మారుతుంది. పద్దెనిమిది నిండిన పిల్లకు ఫారం 6. పైసా కట్టక్కర్లేదు. రాయడం రాకపోతే చదువుకునే పిల్లలతో రాయించుకోండి.

అత్తలారా, ముందు మీ కోడలి పేరు ఏ ఊళ్లో ఉందో ఈ వారమే అడగండి.