వజ్రం ఎక్కడ దొరికిందో రాసుకుంటున్నామా?
ప్రపంచంలో పది వజ్రాలకు సాన పడితే అందులో సుమారు తొమ్మిది సూరత్‌లోనివే. ముడి రాళ్లు మాత్రం దాదాపు అన్నీ విదేశాలవే. ఇక్కడేమో తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి నేలంతా గాలిస్తారు.

లోతుల్లోంచి వజ్రాలను మోసుకొచ్చేది కింబర్లైట్ శిల. వజ్రకరూరు దగ్గర దాని వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. గొట్టంలా నిలువుగా పైకి తన్నుకొచ్చిన ఆ శిలను మట్టి కప్పేసినా భూభౌతిక సర్వేతో పట్టుకోవచ్చు. అందులోని ఇనుప ఖనిజాల వల్ల అయస్కాంత క్షేత్రం కాస్త మారుతుంది. శిథిలమై బంకమన్నులా మారిన పైభాగంలో విద్యుత్తు సులువుగా పారుతుంది. అయితే పరికరం చూపేది గొట్టాన్నే, వజ్రాన్ని కాదు. చాలా కింబర్లైట్లలో అసలు వజ్రాలే ఉండవు!

అందుకే చేలో దొరికిన రాయి సర్వేకు మంచి ఆధారం. దొరికిన చోటు తెలిస్తే, వాననీరు వచ్చిన వాలును బట్టి ఎగువకు వెతుక్కుంటూ వెళ్లొచ్చు. కానీ రాయి గుట్టుగా వ్యాపారి చేతికి చేరితే ఆ చిరునామా పోయినట్టే. చెబితే రాయి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ చెప్పరు. చోటు చూపినవారికి రశీదు, న్యాయమైన ధర ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వం ముందు చేయాలి. హెలికాప్టర్ సర్వే ఖర్చు ముందు ఇదెంత?